అక్క లేదని చెప్పాలి

అమ్మన్న పప్పు గిన్నెలో గరిటె తిప్పుతూ పెదవులు కదుపుతున్నాడు. నా పేరు బమ్మిడి అమ్మన్న. నా భార్య పేరు శ్రీవల్లి. మా పాప పేరు భవిత. మా పెళ్లి ఇక్కడే బిలాస్‌పూర్‌లో జరిగింది. నాకు అన్నదమ్ములు లేరు. నాకు... అక్కడికి వచ్చేసరికి గరిటె ఆగిపోయింది. పప్పు మాత్రం ఆగలేదు, పొంగి స్టవ్ మీద పడింది. అమ్మన్న ఉలిక్కిపడి మంట తగ్గించి, గోడవైపు చెవి పెట్టి విన్నాడు. అవతల ఎవరూ లేవలేదు.

గోడకి అవతల డ్రైవర్లూ గార్డులూ పడుకుంటారు. ఎక్కడినుంచో బండి తెచ్చి దిగినవాళ్లు, తిరుగు బండి ఎక్కేదాకా తిని నిద్రపోవడానికి రైల్వేవాళ్లు కట్టిన ఇల్లది. రన్నింగ్ రూమ్ అంటారు. అక్కడ పగలూ రాత్రీ తేడా లేదు, ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు. నిద్రపోయేవాణ్ణి లేపే అధికారం డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్ ఒక్కడిదే. అతనికి యాభై దాటినా పేరు మాత్రం కాల్‌బాయే. వంటవాడు మూత జారవిడిచినా మాట పడాల్సిందే.

ఆ వంటింట్లో చేరినప్పుడు అమ్మన్నకి నూనూగు మీసాలు. ఇప్పుడు చెవుల దగ్గర తెల్లబడింది. సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు. ఇన్నేళ్లూ గుసగుసలాడీ గుసగుసలాడీ అతని గొంతు అక్కడే అణిగిపోయింది. బుధవారీ బజారులో వంకాయలు బేరమాడినా గుసగుసే. కూరలమ్మి చెవి ముందుకు పెట్టి "క్యా బోలా?" అంటుంది. ధర మాత్రం తగ్గించదు. మామూలు రోజుల్లో అది నవ్వుకునే సంగతి. ఇప్పుడు అమ్మన్న ఆ గొంతునే తిట్టుకుంటున్నాడు. వీసా ఇచ్చే అమెరికా కాన్సులేటులో అద్దానికి అవతల ఆఫీసరు కూర్చుంటాడట. గట్టిగా మాట్లాడకపోతే అబద్ధం చెబుతున్నాడనుకుంటారట.

ఈ సాయంత్రం బొంబాయి బండి. ఎల్లుండి పొద్దున్న ఇంటర్వ్యూ.

అతనికి భయం కొత్త కాదు. డ్రైవరు కూరలో ఉప్పెక్కువైందంటే భయం, తనిఖీ ఆఫీసరు వస్తే భయం, ఉరుములంటే భయం. అవన్నీ వచ్చి పోయేవి. ఇది పోవడం లేదు. అన్నం తింటూ ఉండగా వస్తుంది, సైకిల్ తొక్కుతూ ఉండగా వస్తుంది. వచ్చినప్పుడు అరిచేతులు చల్లబడతాయి. మే నెల బిలాస్‌పూర్‌లో, రెండు స్టవ్‌ల మధ్య నిలబడ్డ మనిషికి అరిచేతులు చల్లబడటమేమిటో అతనికే అర్థం కాదు.

వెనక తలుపు మెల్లగా తెరుచుకుంది. గూడ్సు గార్డు త్రినాథరావు, చేతిలో వండించుకోవడానికి తెచ్చుకున్న బియ్యం సంచి, భుజాన జెండాలూ దీపమూ ఉండే లైను బాక్సు, మొహమంతా బొగ్గుపొడి. త్రినాథరావు అమెరికా చూడలేదు. అయితే ఆయన పెద్దకూతురు అమెరికా వెళ్లినప్పుడు కాన్సులేటు గేటు ఎదురుగా, రోడ్డవతల, ఒక పూట నిలబడ్డాడు. ఆ పూటతో ఆయనకి కాన్సులేటు లోపలి సంగతులన్నీ తెలిసిపోయాయి. బిలాస్‌పూర్ రైల్వే తెలుగువాళ్లలో ఎవరికి పాస్‌పోర్టు వచ్చినా వేరే ఊరి గార్డే అయినా ముందు ఆయన దగ్గరకే రావాలి. రాకపోతే ఆయనే వస్తాడు.

"ఏటి అమ్మన్నా, తయారేనా?" అన్నాడు గుసగుసగా.

"భయమేస్తోంది గార్డుగారూ."

"భయం కనిపించకూడదు. అచ్ఛా, నేను ఆఫీసర్ని. చెప్పు. పెళ్లికి ముందు మీ ఇద్దరికీ రక్తసంబంధం ఏదైనా ఉందా?"

అమ్మన్న బియ్యం సంచి అందుకుని చాటలో పోసి, రాళ్లు వెతకడం మొదలుపెట్టాడు.

"ఇదీ. ఇలా తల దించుకున్నావంటే అయిపోయినట్టే. ముద్ర కొట్టి పంపించేస్తారు."

శ్రీవల్లి అమ్మన్నకి సొంత అక్క కూతురు. శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనుల కోసం బిలాస్‌పూర్ వచ్చి తరాలుగా స్థిరపడ్డ ఇళ్లలో ఇంతకంటే మామూలు సంగతి ఉండదు. మేనమామ ఉండగా బయటి సంబంధం చూస్తే పిల్లలో ఏదో లోపముందని అనుకుంటారు. శ్రీవల్లి నర్సు చదువు పూర్తిచేసి వచ్చి, "చేసుకుంటే మావనే చేసుకుంటాను" అని తనే అంది. అక్క కనకమహాలక్ష్మి, బావ పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. తరవాత అక్క పీటల మీంచి లేచి, తల్లి లేని పెళ్లికొడుకు తరఫున వెళ్లి కూర్చుని, మర్యాదలు సరిగా జరగలేదని తనమీద తనే అలిగింది. మండపమంతా నవ్వింది. ఆ పెళ్లి తప్పని ఆ రోజు ఎవరికీ తోచలేదు. తప్పని అనేవాళ్లు భూమ్మీద ఉంటారని కూడా తోచలేదు.

రెండేళ్ల కిందట శ్రీవల్లికి అమెరికా ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. కుటుంబమంతా ఒకేసారి వెళ్లచ్చన్నారు. అమ్మన్న భయపడ్డాడు. ఉన్న ఉద్యోగం వదిలి అక్కడ నేనేం చేస్తాను, ముందు నువ్వు చూసిరా అన్నాడు. ఆమె పాపని తీసుకుని వెళ్లింది. అప్పుడు ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు, పక్కన మొగుడు లేడు కనక. ఇప్పుడు మొగుణ్ణి పిలిపించుకుంటోంది కనక మొగుణ్ణి అడుగుతారు.

మార్చిలో ఒక ఆదివారం శ్రీవల్లి ఫోన్ చేసి ముందు అవీ ఇవీ మాట్లాడింది. తరవాత అంది. "మావా, నాతో పనిచేసే నర్సుకి మాటల్లో చెప్పాను, నువ్వు మా అమ్మ తమ్ముడివని. ఆవిడ మొహం అదోలా పెట్టింది. ఇక్కడ అది పెళ్లి కాదట. నేరమట. నాకు వణుకు పుట్టింది. నా ఉద్యోగం తీసేస్తారేమో, పాపని తీసుకుపోతారేమో. నువ్వు ఒక్కడివే కొడుకువని చెప్పు. అమ్మ నీకు అత్త. అంతే. అక్క అన్న మాట ఎత్తకు."

"అక్కకి చెప్పావేటి?"

"నువ్వు చెప్పు మావా. నావల్ల కాదు."

వెనక పాప ఏడుస్తోంది. శ్రీవల్లికి రాత్రి డ్యూటీలు. ఆ రాత్రులు పాప ఎవరింట్లోనో పడుకుంటుంది, వాళ్ల భాష ఇంకా సరిగా రాదు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ ఏడుపు అమ్మన్న చెవిలోంచి పోలేదు. అతను వెళ్తే పాప తన మంచం మీద పడుకుంటుంది. అమెరికా గురించి అతనికి తెలిసింది అంతే, కావలసింది కూడా అంతే.

బావ పోయాక తన రైల్వే క్వార్టరులోనే ఉంటున్న అక్కకి ఆ మాట ఎలా చెప్పాలో తెలియక అమ్మన్న వారం రోజులు తిండి మానేసినంత పని చేశాడు. చివరికి త్రినాథరావు ఇంటికి వచ్చి, కాఫీ చల్లారేలోపు చెప్పేశాడు. పైగా, కాన్సులేటువాళ్లు ఒక్కోసారి మనుషుల్ని పంపి ఇరుగుపొరుగులో ఆరా తీస్తారని, గేటు దగ్గర సామాను కూడా చూస్తారని, క్వార్టరులో ఆవిడని 'అక్కా' అని పిలవడం అందరూ విన్నదే కదా అని కలిపాడు. కనకమహాలక్ష్మి అంతా విని, "అలాగేటి" అంది. ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. మర్నాడు అమ్మన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆవిడ పరుపు చుట్ట కట్టి గుమ్మంలో పెట్టి ఉంది. లాల్‌ఖదాన్‌లో, రైలు పట్టాల దగ్గర, బుజ్జమ్మ అనే తమ ఊరి మనిషి ఇంటి వెనక గది మాట్లాడుకుంది. అక్కడ అందరితో, అమ్మన్న మా అల్లుడని చెప్పింది. అది అబద్ధం కాదు, ఆ మాటకొస్తే.

అబద్ధం అమ్మన్న చేశాడు. రైల్వేవాడి వైద్యం కార్డులో అత్తగారికి చోటు లేదు. విధవరాలైన అక్కచెల్లెళ్లకి ఉంది. బావ పోయినప్పటినుంచీ ఆవిడ పేరు అందులో ఉంది, బీపీ మాత్రలు రైల్వే ఆసుపత్రిలో ఆ కార్డు మీదే ఇచ్చేవారు. ఆరా తీసేవాళ్లు అక్కడికీ వెళ్తారని అమ్మన్న భయం. ఆ పేరు తీయించమని త్రినాథరావు కూడా చెప్పలేదు. అమ్మన్న తనకై తనే ఆఫీసుకి వెళ్లి కాగితం పెట్టాడు. గుమాస్తా తలెత్తకుండా, "బహన్ గుజర్ గయీ క్యా?" అని అడిగాడు. అక్క పోయిందా అని. అమ్మన్న అవుననలేదు, కాదనలేదు. గుమాస్తా పేరు కొట్టేశాడు.

"అన్నం ఒక విజిల్ తక్కువ పెట్టు, కిందటిసారి మెత్తబడింది" అంటూ త్రినాథరావు పడుకోవడానికి వెళ్లాడు. తలుపు దగ్గర ఆగి, "గేటు దగ్గర సామానంతా చూస్తారు. పిచ్చి కాగితాలేవీ పెట్టుకోకు. అక్క లేదని ఒక్క మాట, గట్టిగా. అంతే" అన్నాడు. ఆయన మంచివాడే. ఆ గుసగుస మాత్రం అమ్మన్న చెవుల్లో కేకలాగా ఉండిపోయింది.

మధ్యాహ్నం ఎండకి తారు మెత్తబడి సైకిల్ చక్రాలకి అంటుకుంటోంది. అమ్మన్న తలకి తువ్వాలు చుట్టుకుని లాల్‌ఖదాన్ చేరేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అక్క గదికి రేకుల కప్పు. లోపల వంటింటికంటే ఎక్కువ వేడి. గూడ్సు బండి వెళ్తే అలమరలో గ్లాసులు ఒకదానికొకటి తగులుకుని మోగుతాయి.

కనకమహాలక్ష్మి పొట్టి మనిషి, కాస్త లావు. పాదాలు వాచి ఉన్నాయి. తమ్ముణ్ణి చూసి, పీట మీద కూర్చోబెట్టి, చల్ల తాగించి, తను గోడవారన స్టూలు మీద కూర్చుంది. కళ్లజోడు పెట్టుకుంది.

"ఏటయ్యా, నీ పేరేటి?" అంది, గొంతు బరువుగా చేసి.

అమ్మన్నకి నవ్వొచ్చింది. చాలా రోజుల తరవాత వచ్చింది. "బమ్మిడి అమ్మన్న సార్."

"సారేటి, నాను దొరసాన్ని. నీ పెళ్లాం పేరు?"

చెప్పాడు. పాప పుట్టినరోజు చెప్పాడు. పెళ్లినాడు పెట్టిన చీర రంగు చెప్పాడు. దొరసాని తలూపుతూ, తప్పు చెబితే దిద్దుతూ, మంచి హుషారుగా ఉంది. చిన్నప్పుడు ఊళ్లో అతనికి ఎక్కాలు వల్లె వేయించింది కూడా ఆవిడే, ఇలాగే.

"నీకు అక్కసెల్లెళ్లు ఉన్నారేటి?"

అమ్మన్న ఆవిడ పాదాలవైపు చూస్తూ ఉండిపోయాడు.

"నేరు సార్ అను."

"అక్కా, ఇది వదిలెయ్. అక్కడ చెప్పేస్తాను."

"ఇక్కడ రాని మాట అక్కడెలా వస్తాది? నీకు అక్క ఉందేటి?"

"నా వల్ల కావడం లేదు."

ఆవిడ కళ్లజోడు తీసేసింది. దొరసాని పోయి అక్క కూర్చుంది. కోపంగానే కూర్చుంది. "ఒరే, అక్కడ నా కూతురు రాత్రంతా నిలబడి రోగుల్ని సూసుకుంటంది. నా మనవరాలు ఎవలింట్లోనో పడుకుంటంది. నువ్విక్కడ నా కాళ్లు సూస్తా కూకుంటావా? ఒక్క మాటకి నాను సచ్చిపోతానేటి? మాటే కదా."

అమ్మన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ అది చూసి, స్టూలు మీదే చుట్టూ తిరిగి, గోడవైపు మొహం పెట్టి కూర్చుంది. నెరిసిన ముడి, చెమట పట్టిన మెడ, రవికె వెనక వేసిన అతుకు మాత్రం కనిపిస్తున్నాయి.

"నా మొగం సూడకు. ఇప్పుడు సెప్పు. నీకు అక్క ఉందా?"

"లేదు."

"గట్టిగా."

"లేదు. నాకు అక్క లేదు."

రేకుల మీద ఎండ పటపటమంది. ఆవిడ వెంటనే ఇటు తిరగలేదు. తిరిగేసరికి మొహం మామూలుగానే ఉంది.

"అద్గదీ. బాగా సెప్పినావు" అంది. లేవబోయి, గోడ పట్టుకుని ఒక క్షణం ఆగింది.

"ఏటక్కా?"

"ఎండకి తల తిరిగింది, అంతే."

"మాత్రలు కొంటున్నావా?"

"కొంటన్నాను. నీకెందుకు అయన్నీ. సాయంకాలం బండికి ముందు ఇటు రా, దారికి పులిహోర కట్టిస్తాను. టేసనుకి నాను రాను. ఎవలన్నా సూస్తే మళ్లీ అదొకటి." చింతపండు గిన్నెలో వేసి నీళ్లు పోసింది. కొంటున్నానన్న మాట అమ్మన్న నమ్మాడు. నిజం చెప్పాలంటే, నమ్మడం సులువు. అతని బుర్రలో ఇంకో భయానికి చోటు లేదు.

మళ్లీ రన్నింగ్ రూమ్‌కి వచ్చి, రాత్రి వంటవాడికి గిన్నెలు అప్పచెప్పాడు. ఎవరి సంచి ఎవరిదో, ఎవరికి కారం పడదో చెప్పాడు. రాయ్‌గఢ్ నుంచి వచ్చిన ఒక ముసలి డ్రైవరు, అతను కాల్చిన రొట్టెలు పదేళ్లుగా తింటున్నవాడు, బనీను మీద బయటికి వచ్చి అతని భుజం తట్టి, "భగవాన్ భలా కరే" అని గుసగుసగా దీవించి మళ్లీ వెళ్లి పడుకున్నాడు. అమ్మన్న స్టవ్‌లు తుడిచాడు. రోజూ తుడిచేదానికంటే ఎక్కువసేపు తుడిచాడు. వీసా వస్తే ఈ స్టవ్ ముందు ఇక నిలబడడు. రాకపోతే ఎల్లకాలం ఇక్కడే, పాప అక్కడే. రెండూ భయంగానే ఉన్నాయి.

స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లి ఫోటోలూ కాగితాలూ ఉన్న బ్యాగు సైకిల్ వెనక కట్టుకుని లాల్‌ఖదాన్ వెళ్లేసరికి ఎండ వాలుతోంది. గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాడు. తాలింపు వాసన గుప్పుమంది. అక్క చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కొంగు భుజం మీదుగా కప్పుకుంది.

అమ్మన్న చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. తలుపు కిర్రుమనకుండా కాస్త ఎత్తి మూశాడు. బ్యాగు నేల మీద పెట్టకుండా ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు. పాపం, మధ్యాహ్నం నుంచీ పొయ్యి దగ్గరే ఉండి ఉంటుంది. బండికి ఇంకా టైముంది. ఆవిడే లేస్తుందిలే అనుకున్నాడు. నిద్రపోతున్న మనిషిని లేపడం అతని ఒంట్లో లేదు.

ఒక గూడ్సు వెళ్లింది. గ్లాసులు మోగాయి. ఆవిడ కదల్లేదు. ఎంత అలిసిపోయిందో అనుకున్నాడు. విసనకర్ర తీసుకుని, దూరం నుంచే, గాలి తగిలేటట్టు కాసేపు విసిరాడు. తరవాత ఊరికే కూర్చోవడం దేనికని పాఠం మొదలుపెట్టాడు. నా పేరు బమ్మిడి అమ్మన్న. నా భార్య పేరు శ్రీవల్లి. అక్క వీపు చూస్తూ, పెదవులు మాత్రమే కదిపాడు. నాకు అన్నదమ్ములు లేరు. నాకు అక్క లేదు. మధ్యాహ్నం కంటే తేలిగ్గా వచ్చింది. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి. అలవాటైపోతోందని అతనికి కొంచెం ధైర్యం కూడా వచ్చింది.

బుజ్జమ్మ తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో మల్లెపూలు. "అయ్యో, వచ్చి ఇలా కూకున్నావేటి బాబూ? నీ బండేళ అవతంది. అమ్మన్న వస్తే లేపీమని నాతో సెప్పి పడుకుంది." వంగి, "కనకమ్మా" అంటూ పాదం మీద చెయ్యి వేసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ వేసింది.

"బాబూ" అంది. చేతిలో మల్లెపూలు చాప అంచున పెట్టేసింది.

అమ్మన్న బ్యాగు ఒళ్లోనే పట్టుకుని మోకాళ్ల మీద చాప దగ్గరికి పాకాడు. అక్క భుజం పట్టుకుని ఇటు తిప్పాడు. మొహం మామూలుగానే ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. తను వచ్చినప్పుడు ఉందో, అప్పటికే లేదో అతనికి తెలియలేదు. ఆ సంగతి ఇక ఎప్పటికీ తెలియదు. తెలిసింది ఒకటే, ఇందాకటినుంచీ తను ఎవరి వీపు చూస్తూ ఆ మాట వల్లె వేశాడో.

వీధి చివరి డాక్టరుని ఎవరో తీసుకొచ్చారు. కుర్ర డాక్టరు, హిందీ మనిషి. నాడి చూశాడు, కనురెప్ప ఎత్తి చూశాడు, తల అడ్డంగా ఊపాడు. బీపీ ఉందా, మందులు వాడేదా అని అడిగాడు. బుజ్జమ్మ ముక్కు చీది, రోజు విడిచి రోజు వేసుకునేదని, అడిగితే రోజూ వేసుకున్నా ఒకటే అనేదని చెప్పింది. గుమ్మంలో ఇరుగుపొరుగు ఆడవాళ్లు నిలబడ్డారు. డాక్టరు అమ్మన్నవైపు తిరిగాడు.

"ఆప్ ఇన్‌కే కౌన్ లగ్తే హైఁ?"

ఈవిడకి నువ్వేమవుతావు. అమ్మన్న నోరు తెరిచాడు. అతని కంటే ముందు బుజ్జమ్మ అందుకుంది. ఆవిడకి కనకమహాలక్ష్మి ఎన్నోసార్లు నేర్పి పెట్టిన జవాబది. ఎవరొచ్చి అడిగినా అదే చెప్పమంది.

"దామాద్ హై సాబ్. దామాద్." అల్లుడని.

"నహీఁ" అన్నాడు అమ్మన్న.

గుమ్మంలో ఆడవాళ్లు అతనివైపు తిరిగారు. అంత గట్టిగా మాట్లాడింది ఎవరో అమ్మన్నకే మొదట తెలియలేదు.

"భాయీ హూఁ. ఛోటా భాయీ. యే మేరీ సగీ దీదీ హై." వీధిలో వెళ్లేవాళ్లు కూడా ఆగి లోపలికి చూశారు. అతను తెలుగులోకి వచ్చేశాడు. "మా అక్క. నా సొంత అక్క. నాకు అక్క ఉంది."

బుజ్జమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది. "బాబూ, మెల్లగా. ఎవలన్నా ఇంటారు."

"విననీ" అన్నాడు.

భయం పోయిందా అంటే పోలేదు. శ్రీవల్లికి ఇప్పుడు తెల్లవారుతూ ఉంటుంది, డ్యూటీ దిగుతూ ఉంటుంది. ఆమెకి ఫోన్ చేసి తల్లి పోయిందని చెప్పాలి. తన బండి తప్పిపోతోందని చెప్పాలి. మళ్లీ తారీఖు ఇస్తారో ఇవ్వరో తెలియదు. ఇస్తే అద్దానికి అవతలి మనిషి ఆ ప్రశ్న అడక్కమానడు, దానికి తన దగ్గర ఇక ఒకటే జవాబు ఉంది. దానివల్ల పాపకి ఏమవుతుందో తెలియదు. అరిచేతులు అప్పుడూ చల్లగానే ఉన్నాయి. వాటితోనే అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

హౌరా వైపు నుంచి బొంబాయి బండి వచ్చింది. స్టేషను దగ్గర కనక నెమ్మదిగానే వెళ్లింది. ఇంటి వెనకనుంచి ఒక్కో పెట్టే, కిటికీ దీపాలతో, మనుషులతో వెళ్తూ ఉంటే అమ్మన్న తలెత్తలేదు. ఆడవాళ్లు లోపలికి వచ్చారు. దీపం పెట్టాలి, తలాపున చోటు చెయ్యాలి. బుజ్జమ్మ పొయ్యి దగ్గర సామాను ఒక్కొక్కటే తీసి గోడవారకి జరుపుతూ, స్టీలు కేరియర్ ఎత్తి, కింద పడి ఉన్న, తుప్పు గీకే గరుకు కాగితం ముక్క చూసి, "దీనికేటి నన్ను ఇది అడిగింది" అని తనలో తను అనుకుంది. కేరియర్ తెచ్చి అమ్మన్న ముందు పెట్టింది.

అడుగు గిన్నెలో పులిహోర ఇంకా గోరువెచ్చగా ఉంది. పెళ్లినాడు చుక్కలు చుక్కలుగా పేర్లు చెక్కించి ఇచ్చిన ఆ కేరియర్ మూత మీద 'చిరంజీవి తమ్ముడు అమ్మన్నకు' అన్న మాటలు మెరుస్తున్నాయి, వాటి కింద 'అక్క' అన్న చోట అడ్డదిడ్డంగా గీకిన గీతలు, వాటిలోంచి ఇంకా పోకుండా మిగిలిన నాలుగైదు చుక్కలు.